పెద్దవారు షుగరు తరగతికి ఎందుకు రావాలి?



మన ఆసుపత్రిలో జరిగే షుగరు తరగతికి రమ్మంటే, డెబ్భై దాటిన పెద్దలు తరచు చెప్పే మాట ఒకటుంది: "ఈ వయసులో మాకు పాఠాలేంటమ్మా, మా అబ్బాయి వింటాడులే." అబ్బాయి వింటాడు, నిజమే. కానీ మధ్యాహ్నం పూట ఇంట్లో ఒంటరిగా కళ్ళు తిరిగి కూలబడేది అబ్బాయి కాదు గదా! అందుకే పెద్దలనే రమ్మంటున్నాము. వంట చేసేవారు కూడా వెంట వస్తే మరీ మంచిది.

షుగరు పెరుగుతుందని అందరికీ భయమే. పడిపోతుందన్న భయం మాత్రం చాలామందికి లేదు. వయసుతోపాటు మూత్రపిండాల పని మందగిస్తుంది కనుక గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రల ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోవచ్చు. పైగా చెమటలు, వణుకు వంటి గుర్తులు కొందరు పెద్దవారిలో సరిగా కనిపించవు. మాట తడబడడం, తికమకపడడం, తూలడం మాత్రమే కనబడతాయి. ఇంట్లోవారు ముసలితనం అనుకొని పడుకోబెట్టేస్తారు. అలా చేయకండి. పరీక్షలో 70 కన్నా తక్కువ ఉన్నా, మిషను లేక అనుమానమే ఉన్నా, మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించండి. 15 నిమిషాలకు మళ్ళీ చూడండి. ఇంకా 70 దాటకపోతే, తేరుకోకపోతే మరల ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

శ్రమల దినాలలో మాకు ఎక్కువ దిగులు. ఉదయం మాత్రో సూదో వేసుకొని, సాయంత్రం వరకు ఉపవాసముండే తల్లులు మన సంఘాలలో ఉన్నారు. మందు మానాలా, ఉపవాసం మానాలా అని మీరే తేల్చుకోవద్దు. ముందుగానే డాక్టరుగారిని కలవండి. కొందరికి మోతాదు మారుస్తారు, కొందరిని ఉపవాసమే వద్దంటారు. మధ్యలో షుగరు పడిపోతే అక్కడితో విరమించండి. ఈ విషయం పాస్టరుగారితో కూడా మాట్లాడవచ్చు, మొహమాటపడకండి.

పాదాల పరీక్ష కూడా తరగతిలోనే చేస్తాము. తిమ్మిరి పట్టిన కాలికి ఎండాకాలం నేల కాలినా తెలియదు. చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడిచి నడిచేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

వచ్చేటప్పుడు వేరే డాక్టరు వ్రాసినవి, మందుల షాపులో కొన్నవి సహా మాత్రలన్నీ సంచిలో తెండి. కళ్ళజోడు మరువకండి. చదువురాని వారికి మాత్రల అట్టమీద ప్రొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మ వేసి ఇస్తాము.