రూంకు ఫ్యాన్ కొనేముందు

పోయిన ఎపిసోడ్‌లో ఫ్యాన్ ముచ్చట రెండు నిమిషాల్లో ముగించిన. "మరి ఏది కొనాలె అన్నా?" అని తర్వాత చానామంది అడిగిన్రు. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివిన, ఇప్పుడు షార్జాలో సైట్ సూపర్‌వైజర్‌ని. నాకు తెలిసిన కాడికి రాస్తున్న.

ముందుగాల ఒక సంగతి. ఫ్యాన్ రూంను చల్లబరచదు. మన ఒంటి మీద చెమటను ఆరబెడ్తది, చెమట ఆరుతుంటే ఒంట్లో వేడి పోతది. అంతే దాని పని. మనిషి లేని రూంలో ఫ్యాన్ తిప్పితే చల్లదనం ఏం రాదు, మోటరు వేడి కూడా ఆ రూంలోనే చేరుతది.

ఇది చదువుకున్నోన్ని అయ్యుండి కూడా నేను ఒకసారి తప్పు చేసిన. మూడేండ్ల కింద ఆగస్టులో మా బిల్డింగ్ ఏసీ రెండు రోజులు బందయింది. మేం ఆరుగురం ఉండే రూం. నేనే ఉరికిపోయి రెండు ఫ్యాన్లు తెచ్చి పెట్టి, "ఇగ పడుకోండ్రా" అన్న. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన ఒక తమ్ముడు కిటికీ, తలుపు మూసుకొని పై బెడ్ మీద ఫ్యాన్‌కు ఎదురుగా పండుకున్నడు. సాయంత్రం మేం వచ్చేసరికి ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది, మాట తడబడుతున్నది. అంబులెన్స్‌లో తీసుకపోయినం. నాలుగు రోజులకు కోలుకున్నడు. వాళ్ల నాయిన ఫోన్ చేసి "ఏమైంది బిడ్డా?" అంటే నాకు నోరు పెగల్లేదు. ఆ రాత్రి రూంలో థర్మామీటరు పెట్టి చూస్తే 41.

గాలి ఒంటికన్నా వేడిగా ఉంటే ఫ్యాన్ ఆ వేడినే మన మీదికి తోస్తది. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటిని ఇంకా వేడి చేస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తది. అందుకే ఫ్యాన్‌కన్నా ముందు గోడకు ఒక చిన్న థర్మామీటరు తగిలించుండ్రి. అది 40 చూపెడితే రూంలో ఉండొద్దు. పక్క బిల్డింగ్‌లో దోస్తు రూమో, మాలో, ఏసీ ఎక్కడుంటే అక్కడికి పోవాలె. పోయేదాకా ఒంటిని తడిబట్టతో తుడుచుకుంట, నీళ్లు తాగుకుంట ఉండాలె. ఎవరికన్న మాట తడబడినా, సోయి తప్పినా యూఏఈలో 998కి ఫోన్ చెయ్యాలె. ఓనర్ ఏమంటడో అని ఆలోచించొద్దు.

ఇగ కొనుడు సంగతి. బెడ్ స్పేస్ రూంలో సీలింగ్ ఫ్యాన్ మాట మర్చిపొండ్రి. రెండంతస్తుల మంచాలున్న చోట పై బెడ్ మీద మనిషి లేచి కూసుంటే రెక్క తలకు తగులుతది. 16 ఇంచుల పెడెస్టల్ ఫ్యానే మనకు సరైంది. స్టాండు పొడుగు పెంచితే పై బెడ్‌కు కూడా గాలి అందుతది. షాపులో ఊకే చూసి కొనొద్దు, ప్లగ్ పెట్టించి పది నిమిషాలు తిప్పమనండ్రి. ఫుల్ స్పీడులో కింది దిమ్మ ఊగితే వద్దు. ఒకటో నంబరు మీద కూడా గుర్రుమంటే వద్దు, ఎందుకంటే రూంలో ఒకరు పండుకునే టైముకు ఇంకొకరు లేస్తరు. డబ్బా మీద జీ-మార్క్ ఉందో లేదో చూడుండ్రి.

అందం కావాలంటే టవర్ ఫ్యాన్ ఉంది. మా దోస్తు ఒకాయన భార్య విజిట్ వీసా మీద వస్తున్నదని తెల్లది, రిమోట్‌ది, సన్నగా బొమ్మ లెక్క ఉన్నది 220 దిర్హములు పెట్టి తెచ్చిండు. వీడియో కాల్‌లో అత్తగారికి కూడా చూపెట్టిండు. వారం తర్వాత నా 85 దిర్హముల పెడెస్టల్ అడిగి తీసుకపోయిండు. టవర్ ఫ్యాన్ చెడ్డదని కాదు. ఒక మంచం, ఇద్దరు మనుషులు, ఏసీ ఉన్న రూం అయితే చాలు. హాలుకు, ఆరుగురికి దాని గాలి సరిపోదు.

కరెంటు లెక్క సులువు. 55 వాట్ల ఫ్యాన్ రాత్రి పది గంటలు తిరిగితే సగం యూనిట్‌కు కొంచెం ఎక్కువ, నెలకు 16 యూనిట్లు దాటుతది. 1500 వాట్ల ఏసీ ఆగకుండా పది గంటలు నడిస్తే ఒక్క రాత్రికే 15. అందుకని ఏసీని 22కు బదులు 25 మీద పెట్టి, ఫ్యాన్‌ను ఏసీ గాలి మంచాల దిక్కు వచ్చేటట్టు పెట్టుండ్రి. మా రూంలో ఏసీ కింద నిలబడ్డోడికి చలి, మూలకున్నోడికి ఉడుకపోత ఉంటుండె. ఆ కొట్లాట బందయింది. నీళ్లు పోసే కూలర్ రియాద్ లాంటి పొడి ఊర్లకు పనికొస్తది. మన దిక్కు సముద్రం తేమకు ఆగస్టులో అది రూంను ఆవిరి గిన్నె చేస్తది.

అన్నిటికన్నా నాకు భయం పెట్టేది ప్లగ్. ఊరి నుంచి తెచ్చిన రెండు పిన్నుల ప్లగ్‌ను ఇక్కడి మూడు పలక రంధ్రాల సాకెట్‌లో పెన్నుతో తట్టి దూరుస్తరు. పై రంధ్రంలో పెన్ను పెడితే మిగతా రెండింటి మూతలు తెరుచుకుంటయ్, నిజమే. కానీ పిన్ను వదులుగా ఉండి రాత్రంతా నిప్పురవ్వలు కొడ్తది, సాకెట్ కరుగుతది. ప్లగ్ మార్చుడు ఐదు నిమిషాల పని, ఫ్యాన్‌కు లోపల 3 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఫ్యాన్‌ను కలపొద్దు.

కొన్నాళ్లకు గాలి తగ్గితే కొత్తది కొనకుండ్రి. రెక్కల మీద దుమ్ము తుడవండి, ఇక్కడి ఇసుక నెలకే పట్టేస్తది. అయినా మెల్లగనే తిరుగుతుంటే బుష్ ఎండిపోయి ఉంటది, లేకపోతే కెపాసిటర్ పోయి ఉంటది. రెండూ చిన్న ఖర్చే. మీ కాంపులో ఎలక్ట్రీషియన్ తమ్ముడు ఎవరన్న ఉంటే ఒక చాయ్ తాగిపిస్తే చేసిపెడ్తడు.