ఊరి పటము - ఆరోగ్య ప్రణాళిక

ఒక ప్రాంతమున రోగము తలయెత్తినప్పుడు ఆరోగ్య శాఖవారు మూడు ప్రశ్నలు వేయుదురు. ఎవరికి వచ్చినది? ఎప్పుడు వచ్చినది? ఎచ్చట వచ్చినది? మొదటి రెంటికి రిజిస్టరులో సమాధానము దొరకును. మూడవదానికి రిజిస్టరు చాలదు. ఊరి పేరు, ఇంటి నంబరు వ్రాసికొన్నంత మాత్రమున ఆ యిల్లు ఏ బావికి దగ్గర, ఏ వాగుకు ఆవల, ఏ మురుగు కాలువ ప్రక్కన ఉన్నదో తెలియదు. అది తెలియవలెనన్న పటము కావలెను.

ఈ విషయమున లోకమంతయు చెప్పుకొను ఉదాహరణము 1854 నాటి లండను నగరమునకు సంబంధించినది. ఆ యేడు ఆగస్టు చివర సోహో అను పేటలో కలరా చెలరేగి పది దినములలో ఐదువందలకు పైగా ప్రాణములను బలిగొన్నది. చెడుగాలి వలన కలరా కలుగునని ఆనాటి వైద్యులలో పెక్కుమంది నమ్మకము. జాన్ స్నో అను వైద్యుడు మాత్రము నీటిని శంకించెను. విచారింపగా మృతుల యిండ్లు బ్రాడ్ వీథిలోని ఒక నీటి పంపు చుట్టును గుమికూడి యుండెను. ఆయన మాటపై సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని ఊడదీసిరి.

ఇచ్చట ఒక సవరణ చెప్పవలసియున్నది. స్నో పటము గీసి, దానిని చూచి పంపును పట్టుకొనెనని తరచు వ్రాయుచుందురు. ప్రసిద్ధమైన ఆ పటము పిడి తీసిన పిదప తయారైనది. పిడి తీయునాటికే రోగము తగ్గుముఖము పట్టియుండెను. స్నో ముందుగా చేసిన పని ఇల్లిల్లు తిరుగుట. తన ఊహకు పొసగని తావులను ఆయన విడిచిపెట్టలేదు, వాటినే వెదకెను. పంపుకు సమీపముననే ఉన్న పేదల శ్రమాలయములో 535 మంది ఉండగా మరణించినవారు ఐదుగురే; దానికి సొంత బావి కలదు. దగ్గరలోని బీరు కార్ఖానా పనివారు తమకిచ్చు బీరుతోను, కార్ఖానా బావి నీటితోను గడుపుకొని బ్రతికిరి. మైళ్ళ దూరమున హాంప్‌స్టెడ్‌లో నివసించు ఒక వితంతువు మాత్రము కలరాతో మరణించెను. ఆమె బ్రాడ్ వీథి నీటి రుచి మరగి, ప్రతిదినము బండిమీద సీసాలో తెప్పించుకొనుచుండెనట! తరువాత హెన్రీ వైట్‌హెడ్ అను మతగురువు, ఆ పంపు ప్రక్కయింట ముందుగా జబ్బుపడిన ఒక శిశువు సంగతి వెలికితీసెను. త్రవ్వి చూడగా ఆ యింటి మలగుంట నుండి మురుగు బావిలోనికి ఊరుచున్నట్లు తేలెను.

మన ప్రాంతమున ఇట్టి పరిశీలన ఫ్లోరైడు విషయమున జరిగినది. ఫ్లోరైడు అధికమైన నీటివలన ఎముకలు బిగుసుకొనిపోవు వ్యాధిని గూర్చి మన దేశమున తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వెలువడినది. అది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాకు సంబంధించినది. పిమ్మట నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడిపడినది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. అయితే ఒకే ఊరిలో ఒక బోరు నీరు ఈ హద్దును దాటియుండవచ్చును, నూరు గజముల దూరములోని మరియొక బోరు నీరు దాటకపోవచ్చును. లోతును బట్టి, అడుగునున్న రాతిని బట్టి నీరు మారును. కావున ఊరినంతటిని ఒక ఎర్ర చుక్కగా చూపిన పటము చాలదు. ప్రతి బావిని, ప్రతి బోరును పరీక్షించి వేరువేరుగా గుర్తింపవలెను. బంగ్లాదేశములో ఆర్సెనిక్ విషముగల గొట్టపు బావులకు ఎర్ర రంగును, మంచివాటికి ఆకుపచ్చ రంగును పూసిరి. చదువురానివారికి అదియే పటము.

ఇక దూరము సంగతి. మైదాన ప్రాంతములలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతములలో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రము ఉండవలెనని నియమము. ఈ లెక్క జనాభాను చెప్పును గాని నడకను చెప్పదు. ఒక గూడెమునకు ఉపకేంద్రము రెండు కిలోమీటర్ల దూరమున ఉన్నదనుకొందము. నడుమ వాగు, వంతెన ఆరు కిలోమీటర్ల దిగువన ఉన్నది. వేసవిలో వాగు దాటి అరగంటలో చేరవచ్చును. శ్రావణ భాద్రపదములలో వంతెన చుట్టి పోవలసిన దారి పండ్రెండు కిలోమీటర్లకు మించును. కాన్పు నొప్పులు ఋతువు చూచి రావు. కాబట్టి దూరమును పట్టు కాలముతో, అదియు వానకాలపు లెక్కతో కొలువవలెను. ఆ లెక్క పటముపైకి వచ్చిననాడు, వానలలో కాన్పు గడువు పడు స్త్రీలు ఎవరో ముందుగనే తెలిసి, వారిని వాగుకు ఈవలకు చేర్చు ఏర్పాటు చేయవీలగును.

పోలియో నిర్మూలనమున ఇట్టి పటములు చేసిన మేలు గొప్పది. బీహారులో కోసీ నది గట్ల నడుమనున్న పల్లెలకు వరదలలో దారులే మారిపోవును. టీకా బృందములకు ఏ దినము ఏ వాడ తిరుగవలెనో పటముతో సహా నిర్ణయించి, తిరిగిన ఇండ్ల తలుపులపై సుద్దతో గుర్తు వేయించిరి. ఇటుక బట్టీలు, కట్టడముల తావులు, సంచార కుటుంబముల మకాములు ప్రత్యేకముగా పటములలో చేర్చబడినవి. దేశమున చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో కనిపించినది. 2014 మార్చి 27న ధ్రువీకరణము లభించినది.

ఇటుక బట్టీల మాట వచ్చినది గనుక ఒక విషయము. తెలంగాణ బట్టీలకు ఒడిశా పశ్చిమ జిల్లాల నుండి కుటుంబములు పిల్లలతో సహా వచ్చి కొన్ని నెలలుండి పోవును. బట్టీ రెండు గ్రామముల పొలిమేరలో ఉన్నచో ప్రతి గ్రామమును అది రెండవదానిదని తలచును. ఆ పిల్లల పేర్లు ఏ జాబితాలోను ఎక్కవు. తట్టు టీకా తప్పిపోవును. ఉపగ్రహ చిత్రములు, డ్రోనులు ఉన్న ఈ కాలమునను ఈ లోపము దానంతట అది తీరదు. పైనుండి రేకుల కప్పు కనిపించును గాని దాని క్రింద ఎందరు పసివారున్నారో కనిపించదు.

పటమును చదువుటలో ఒక పొరపాటు సామాన్యముగా జరుగును. చుక్కలు దట్టముగా ఉన్నచోట రోగము హెచ్చని తలంతురు. 4,000 మంది ఉన్న వాడలో ఇరువది జ్వరములున్న వేయికి ఐదు. 300 మంది ఉన్న తండాలో ఆరు జ్వరములున్న వేయికి ఇరువది. చుక్కలు తక్కువైనను దోమల మందు ముందుగా తండాకే పోవలెను.

రోగుల యిండ్లు చూపు పటమును గోడకు వ్రేలాడదీయరాదు. క్షయ, కుష్ఠు, ఎయిడ్స్ వంటి వ్యాధులు ఏ యింట ఉన్నవో నలుగురికి తెలిసినచో ఆ యింటివారికి బావి దగ్గరను, పెండ్లి సంబంధముల దగ్గరను కలుగు బాధ రోగముకన్న తక్కువది కాదు. అట్టి పటము వైద్య సిబ్బంది వద్ద భద్రముగా ఉండవలెను. బావులు, దారులు, అంగన్‌వాడీ, ఉపకేంద్రము చూపు పటమును మాత్రము పంచాయతీ కార్యాలయమున అందరికి కనబడునట్లు పెట్టవచ్చును.

ఊరి పటమును మొదట నేలమీద ముగ్గుతో గీయుట మంచిది. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, పశువులు కాచువారు, నీళ్ళు మోయు స్త్రీలు కూర్చుండినచో ఒకరు మరచినది మరియొకరు చెప్పుదురు. దానిని కాగితముపైకి ఎక్కించి, చేతి ఫోనుతో ముఖ్యమైన తావుల అక్షాంశ రేఖాంశములు వ్రాసికొనవలెను. సంవత్సరమునకు రెండు పర్యాయములు, వానలకు ముందు ఒకసారి, బట్టీలు మొదలైన పిదప ఒకసారి, దానిని చేతబట్టి ఊరంతయు తిరిగి చూచి, మారినవి దిద్ది, ఒక ప్రతిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. మీ యిల్లుగాని, మీ వాడ బోరుగాని అందులో లేకున్నచో ఆశా కార్యకర్తకు తెలుపుడు.