స్టాలులో నిలబడే మనిషి

ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మీ సంఘములోని కీబోర్డు వెనుక వైపు ఒకసారి చూడండి. కొంచెము పెద్ద రకము కీబోర్డు అయితే అక్కడ గుండ్రటి సాకెట్లు, ఒక్కొక్క దానిలో ఐదేసి చిన్న చిల్లులు కనిపిస్తాయి. పైన 'మిడి' అని వ్రాసి ఉంటుంది. కొత్త రకములలో ఇదే పని యుఎస్‌బి తీగ ద్వారా జరుగుతుంది. వాయించే పిల్లవాడు కూడా దానిని అంతగా పట్టించుకోడు. కాని ఆ చిల్లుల వెనుక ఒక పెద్ద ప్రదర్శన కథ ఉంది. ఇద్దరు పోటీదారుల స్నేహము కూడా ఉంది.

ఆ ప్రదర్శన జరిగేది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో, అనహైమ్ పట్టణములో. దాని పేరు నామ్ షో. 1901లో పియానో వ్యాపారులు కలిసి ఏర్పరచుకున్న సంస్థ దానిని నడుపుతుంది. ఇది మన తిరునాళ్ళ వంటిది కాదు. వాయిద్యములు తయారు చేసేవారు స్టాళ్ళు పెడతారు. వాటిని కొని అమ్మే దుకాణదారులు, వాయించే కళాకారులు చూడటానికి వస్తారు. 2020 జనవరిలో లక్షా పదిహేను వేల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. పెద్ద కంపెనీలకు ఇంటి హాలుకంటె విశాలమైన స్టాళ్ళుంటాయి. చిన్న తయారీదారునికి ఒక బల్ల, రెండు కుర్చీలు, వెనుక ఒక గుడ్డ తెర. సంవత్సరమంతా దాచుకున్న డబ్బు ఆ కొద్ది రోజుల మీద పెట్టి వచ్చేవాడు అతడే.

నిలువుకాళ్ళ ఉద్యోగము

స్టాలు పని సంగీతముతో మొదలు కాదు, పెట్టెలు మోయడముతో మొదలవుతుంది. ప్రదర్శనకు ముందే వచ్చి పెట్టెలు విప్పాలి, తీగలు కలపాలి, ప్రయాణములో ఏది కదిలిపోయినదో చూసుకోవాలి. తలుపులు తెరచిన తరువాత సాయంత్రము వరకు నిలబడే ఉండాలి. పైన పలుచని తివాచీ, క్రింద గట్టి కాంక్రీటు. సాయంత్రానికి మోకాళ్ళు ఆ సంగతి చెబుతాయి.

ఇక శబ్దము. ఒక వైపు గిటార్లు, ఒక వైపు డ్రమ్ములు, ఎదురుగా బాకాలు, అన్నీ ఒకేసారి మ్రోగుతుంటాయి. 85 డెసిబెల్స్ మించకూడదని నిబంధన పెట్టి, కొలిచే మనుష్యులను తిప్పుతారు. అయినా రెండవ రోజుకే గొంతు బొంగురు పోతుంది. అడిగినదే అడుగుతారు. నూరవ మనిషికి కూడా మొదటి మనిషికి చెప్పినట్లే చిరునవ్వుతో చెప్పాలి. ఇంట్లో బిడ్డలకు ఒకే లెక్క పదిసార్లు చెప్పిన తల్లులకు ఈ కష్టము వేరుగా వివరించనక్కరలేదు. చాలా ఏండ్లు ఈ ప్రదర్శన గురువారము మొదలై ఆదివారము ముగిసేది. ఇంటినీ ఆదివారమునూ వదులుకొని నిలబడినవారు ఆ స్టాళ్ళలో ఉండేవారు.

ఇక్కడ ఒక శోధన ఉంది. వచ్చినవారందరి మెడలో పేరు, ఊరు, కంపెనీ వ్రాసిన కార్డు వ్రేలాడుతుంటుంది. స్టాలులోని మనిషి కళ్ళు ముందు ముఖము మీదికి గాక ఆ కార్డు మీదికి పోతాయి. పెద్ద దుకాణము పేరు కనిపిస్తే కుర్చీ వేస్తాడు. చిన్న ఊరి పేరు కనిపిస్తే చూపు ప్రక్కకు తిరుగుతుంది. కాని ఆ చిన్న ఊరి దుకాణదారుడే ఒక మంచి మాటకు కట్టుబడి, ఇరువది ఏండ్లు అదే వాయిద్యమును అమ్మి పెట్టవచ్చును.

రెండవ శోధన మాట విషయములో. ఇంకా పూర్తికాని వాయిద్యమును తీసుకొని వచ్చి, 'వచ్చే మూడు నెలలలో అందుతుంది' అని చెప్పడము తేలిక. ఆ మాట నమ్మి దుకాణదారుడు తన ఊరిలో గిరాకీలకు మాట ఇస్తాడు. వస్తువు రాకపోతే పరువు పోయేది ఇద్దరిది. అందుచేత మంచి పనివాడు తెలిసినది తెలిసినట్లు చెబుతాడు. తెలియనిది కాగితము మీద వ్రాసుకొని, ఊరు చేరిన వారములోపల జవాబు పంపుతాడు. అమ్మకము సగము అక్కడ స్టాలులో జరిగితే, మిగిలిన సగము ఆ ఉత్తరములో జరుగుతుంది.

ఒక్క తీగ

1980 ప్రాంతములో విద్యుత్ వాయిద్యములకు ఒక లోపముండేది. ఒక కంపెనీ కీబోర్డు మాట ఇంకొక కంపెనీ కీబోర్డుకు తెలిసేది కాదు. వ్యాపార దృష్టితో చూస్తే ఇది కంపెనీకి లాభమే. ఒకసారి కొన్నవాడు మరల అక్కడికే రావాలి గదా!

జపానులో రోలాండ్ కంపెనీ స్థాపించిన ఇకుటారో కకెహాషికి ఈ పద్ధతి నచ్చలేదు. ఆయన రెండేండ్ల వయసులో తలిదండ్రులను క్షయ వ్యాధికి పోగొట్టుకొని, గడియారములు బాగు చేసి బ్రదికి పైకి వచ్చిన మనిషి. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అనే చిన్న కంపెనీ నడిపే డేవ్ స్మిత్ కూడా అదే ఆలోచనలో ఉన్నాడు. అందరి వాయిద్యములకు ఒకే భాష ఉండాలని అతడు 1981లో శబ్ద ఇంజనీర్ల సభలో ప్రతిపాదించాడు. యమహా, కోర్గ్, కవాయి కంపెనీలు కూడా చేయి కలిపాయి. అలా పుట్టినదే మిడి. అది తీగలో శబ్దమును పంపదు. ఏ మీట నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అనే సమాచారమును మాత్రమే పంపుతుంది.

1983 జనవరిలో, అనహైమ్‌లోని నామ్ షోలో, సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600ను రోలాండ్ వారి జూపిటర్-6తో ఒక తీగతో కలిపారు. ఒకదాని మీద మీటలు నొక్కితే రెండవది పలికింది. పోటీదారుల వస్తువులు అందరి ఎదుట ఒకదాని మాట ఒకటి విన్నాయి. ఆ పద్ధతిని వాడుకొనేందుకు ఏ కంపెనీ నుండీ రుసుము అడగలేదు. అందుకే అది లోకమంతా పాకి, మన పల్లె మందిరములోని కీబోర్డు వరకు వచ్చింది. 2013లో ఆ ఇద్దరికీ కలిపి గ్రామీ సాంకేతిక పురస్కారమిచ్చారు.

తిరిగి వచ్చిన పేరు

కథ అక్కడితో అయిపోలేదు. డేవ్ స్మిత్ కంపెనీ చితికిపోయి 1987లో యమహా చేతికి వెళ్ళింది. సీక్వెన్షియల్ అనే పేరు కూడా దానితోపాటే పోయింది. ఆ తరువాత అతడు తన సొంత పేరు మీద చిన్నగా మరల మొదలుపెట్టాడు. ఎనుబది దాటిన కకెహాషి ఈ సంగతి మరచిపోలేదు. ఆ పేరు దాని సొంతదారునికి తిరిగి ఇవ్వండని యమహా వారికి నచ్చజెప్పాడు. వారు విన్నారు. 2015 జనవరిలో, అదే అనహైమ్‌లో, అదే ప్రదర్శనలో, డేవ్ స్మిత్ స్టాలులో ప్రాఫెట్-6 అనే కొత్త వాయిద్యము మీద పాత సీక్వెన్షియల్ పేరు కనిపించింది. పోటీ చేసినవాడే పోయిన పేరును తిరిగి ఇప్పించాడు. కకెహాషి 2017లో, స్మిత్ 2022లో కన్నుమూశారు.

మనలో చాలామంది సంతలో కూరగాయలు అమ్ముతాము, కిరాణా కొట్టు నడుపుతాము, పాలకేంద్రములో లెక్క వ్రాస్తాము. మన ఎదుట నిలబడేవారి మెడలో కార్డు ఉండదు. అయినా చొక్కా చూసి, చెప్పులు చూసి మనిషిని తూచే అలవాటు మనకూ ఉంది. ప్రక్క కొట్టువాడు దెబ్బతింటే లోలోపల సంతోషించే అలవాటూ ఉంది. వచ్చే ఆదివారము కీబోర్డు మ్రోగినప్పుడు, దాని వెనుకనున్న ఆ ఐదు చిల్లులను జ్ఞాపకము చేసికొందాము. ఒక పోటీదారుడు ఇంకొక పోటీదారుని మాట వినడానికి ఒప్పుకున్నందువల్లనే ఆ చిల్లులు అక్కడ ఉన్నాయి.