వరిదుబ్బులో మిత్రులు, శత్రువులు

తెనాలి నుంచి రేపల్లెకు రైలులో వెళ్ళండి, లేదా బాపట్ల వైపు వెళ్ళండి. సార్వా రోజుల్లో ఇరుపక్కలా కనుచూపుమేర వరిచేలే. చేలో వరి ఒక్కటే ఉన్నదనుకుంటాం. కాని గట్టు దిగి ఒక్క దుబ్బును విడదీసి చూస్తే అక్కడొక చిన్న ప్రపంచమే కనిపిస్తుంది! ఎండ, నేల, కృష్ణా కాలువ నీరు, వాటిపై ఆధారపడి బతికే జీవులు అన్నీ కలిస్తే ఒక ఆవరణ వ్యవస్థ.

వరి సూర్యకాంతితో ఆహారాన్ని తయారు చేసుకుంటుంది. కనుక అది ఉత్పత్తిదారు. సుడిదోమ దుబ్బు అడుగున చేరి దాని రసం పీలుస్తుంది. దోమను సాలీడు, సాలీడును కప్ప, కప్పను పాము తింటాయి. ఇదే ఆహార గొలుసు.

అయితే జీవుల మధ్య సంబంధం తినడం ఒక్కటే కాదు. ఊద గడ్డి నీటికోసం, ఎరువుకోసం, వెలుతురుకోసం వరితో పోటీ పడుతుంది. ట్రైకోగ్రామా అనే అతి చిన్న కీటకం కాండం తొలిచే పురుగు గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. అందులోంచి వచ్చిన పిల్ల ఆ గుడ్డునే తిని పెరుగుతుంది. ఇది పరాన్నజీవనం. వరికోతల వేళ చల్లే మినుము సంగతి వేరు. దాని వేరు బుడిపెలలో రైజోబియం బాక్టీరియా ఉంటుంది. అది గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చేలా మార్చి ఇస్తుంది, బదులుగా ఆహారం పుచ్చుకుంటుంది. ఇద్దరికీ లాభమైన ఈ ఏర్పాటే సహజీవనం.

ఈ సంబంధాలు తెగితే ఏమవుతుంది? సుడిదోమనే చూడండి. ఇది ఎక్కువైతే చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి వంటి మేలురకం కూడా దీన్ని తట్టుకోలేదు. రైతు కంగారుపడి మందు చల్లుతాడు. దోమలు చస్తాయి. వాటిని తినే సాలీళ్ళూ, వాటి గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులూ చస్తాయి. కాని ఆకుతొడిమలోపల దాగిన దోమ గుడ్లు మిగులుతాయి. కొద్దిరోజులకు పిల్లలు బయటకు వస్తాయి. అప్పుడు వాటిని పట్టే కాపలాదారు చేలో లేడు! దోమ మునుపటికన్నా ఎక్కువవుతుంది.

ఇండొనేసియా ఈ పాఠం నేర్చుకుని, 1986లో వరిమీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది.

మందు అసలే వద్దని కాదు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు ఆడి దోమ తగ్గుతుంది. యూరియా మితిమీరకూడదు. అప్పటికీ దోమ హద్దు దాటితేనే మందు.

ఈసారి మందు చల్లని చేనికి పెద్దలతో కలిసి వెళ్ళి పది దుబ్బులు పరిశీలించండి. దోమలెన్ని, సాలీళ్ళెన్ని, నల్లులెన్ని? లెక్క రాసి ఇంట్లో చూపించండి. మందుడబ్బా మూత తీయడానికి ముందు చూడవలసిన లెక్క అదే.