గగనమార్గపు కొలతలు: గరికపాటి నుండి చూడగా

పూర్వపు కృష్ణా జిల్లా మెరకసీమలో, జగ్గయ్యపేటకు చేరువగా, పాలేటి వంతెన దాపున ఆంధ్ర తెలంగాణముల సరిహద్దు తనిఖీ కేంద్రమునకు తన పేరిచ్చిన గరికపాటిలో నిలిచి చూచువానికి, పడమట శంషాబాదు విమానాశ్రయమును, ఆగ్నేయమున గన్నవరము విమానాశ్రయమును కలవు. ఈ రెంటి నడుమ గగనమార్గపు దూరము సుమారు 264 కిలోమీటర్లు. ఆ గీత ఊరికి దక్షిణముగా, కృష్ణానది చాయల సాగిపోవును.

ఈ సంఖ్య యెట్లు లభించినదన, రెండు తావుల అక్షాంశ రేఖాంశములను గైకొని, భూమిని గోళముగా భావించి, దాని కేంద్రము మీదుగా కోసినట్లు ఏర్పడు మహావృత్తముపై ఆ బిందువుల నడిమి చాపమును గణింతురు. ఇంత స్వల్పదూరమున ఆ వంపు కంటికానదు. 2021 జనవరిలో ఎయిరిండియా వారు హైదరాబాదు నుండి చికాగోకు నడుమ నెచ్చటను ఆగకుండ నడుప మొదలిడిన విమానపు దారిని తలచుడు: గోడపటముపై బద్దపెట్టి గీచినచో అది అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రము మీదుగా పోవలసినట్లు తోచును గాని, గోళముపై దారము బిగించి చూచినచో, సుమారు 13,300 కిలోమీటర్ల ఆ చాపము 79వ ఉత్తరాక్షాంశము దాక, ధ్రువపు మంచుసీమ లోనికి ఎగబ్రాకును.

ఇక కాలము. గంటకు 500 కిలోమీటర్ల వేగముగల ఏటీఆర్ విమానమునకు 264 కిలోమీటర్లు దాటుటకు అరగంట చాలవలెను. టిక్కెట్టుపై మాత్రము ఇంచుమించు గంట వ్రాసియుండును. విమానము నిలిచిన చోటు విడిచినది మొదలు గమ్యమున మరల నిలుచు దాక లెక్కింతురు గనుక, రన్‌వే వరకు నడచుట, ఎక్కుట, దిగుట అన్నియు అందు చేరును. గాలి పాత్రయు కలదు. రెండు చోట్లను రన్‌వేలు ఇంచుమించు తూర్పు పడమరలుగా నున్నవి; విమానము గాలికెదురుగా లేవవలెను, గాలికెదురుగానే దిగవలెను. కావున నైరుతి ఋతుపవనపు పడమటిగాలి వీచు దినములలో గన్నవరము పోవు విమానము, తాను పోవలసిన తూర్పునకు వీపుపెట్టి లేచి చుట్టు తిరుగును. చేరిన పిమ్మట సయితము రన్‌వేను దాటిపోయి, వెనుదిరిగి దిగును. ఆలస్యమయ్యెనని విసుగుకొను ప్రయాణికునకు ఈ మర్మము తెలియుట మంచిదని నా నమ్మకము.

గరికపాటివారి లెక్క వేరు. రహదారిపై గన్నవరము సుమారు 100 కిలోమీటర్లు, చిల్లకల్లు, కీసర టోల్‌గేట్లు దాటి పోవలెను. శంషాబాదు కొర్లపహాడు, పంతంగి గేట్ల కావల సుమారు 200. అయినను బిడ్డలను అమెరికాకు సాగనంపు తలిదండ్రులు ఆ రెట్టింపు దూరమునకే సిద్ధపడుదురు. ఎవరైన గన్నవరమేగి అచ్చటినుండి శంషాబాదుకు ఎగురుదమని తలచిరేని, దారికి రెండు గంటలు, కౌంటరు మూయకమునుపే చేరవలసినందున కనీసము మరియొక గంట, ఆకాశమున ఇంకొక గంట. వారు శంషాబాదున దిగునప్పటికి, అదే వేళ ఊరినుండి పడమరగా బయలుదేరిన కారును అచ్చటికి చేరియుండును.