బాధలో ఉన్న స్నేహితుణ్ణి ఎలా ఆదరించాలి?

మనకు దగ్గరైనవాళ్ళు తీవ్రమైన బాధలో ఉన్నప్పుడు మనం వెళ్ళి ఏం చెప్పాలి? అసలు ఏమైనా చెప్పాలా? ఈరోజు ఈ విషయం ఆలోచిద్దాం.

దీనికి యోబు స్నేహితులకంటే మంచి ఉదాహరణ నాకు బైబిల్లో కనబడదు. ఎలా ఆదరించాలో, ఎలా ఆదరించకూడదో రెండూ వాళ్ళే నేర్పిస్తారు.

యోబు గ్రంథం 2వ అధ్యాయం చివర చూడండి. యోబుకు ఆస్తి పోయింది. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు ఒకే రోజున చనిపోయారు. ఒళ్ళంతా కురుపులు. ఈ సంగతి విని ఎలీఫజు, బిల్దదు, జోఫరు తమ తమ ఊళ్ళనుండి బయలుదేరి వచ్చారు. దూరంనుండి చూసి అతన్ని గుర్తుపట్టలేక గట్టిగా ఏడ్చారు. తర్వాత ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితోపాటు నేలమీద కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు.

ఇక్కడివరకు చాలా మంచి స్నేహితులే. మరి ఎక్కడ తప్పిపోయారు? యోబు బాధకు కారణం చెప్పడం మొదలుపెట్టినప్పుడు. 8వ అధ్యాయంలో బిల్దదు, నీ పిల్లలు చేసిన పాపమే వాళ్ళమీదికి వచ్చిందేమో అన్నట్టు మాట్లాడతాడు. పదిమంది బిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రితో అనే మాటేనా అది? 22వ అధ్యాయానికి వచ్చేసరికి ఎలీఫజు లేని నేరాలు కూడా మోపేస్తాడు.

మనం అంత దూరం వెళ్ళంలే అనుకుంటాం. కానీ భర్తను పోగొట్టుకున్న సహోదరి దగ్గర కూర్చుని ఏమంటాం? “మంచివాళ్ళను దేవుడు త్వరగా తీసుకుంటాడమ్మా”, “విశ్వాసులు ఇలా ఏడవకూడదు” అంటాం. కొంతమందైతే “ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి” అని కూడా అంటారు.

42వ అధ్యాయంలో దేవుడు ఆ స్నేహితులమీద కోపపడ్డాడు. ఎందుకు? తన గురించి వాళ్ళు సరిగా మాట్లాడలేదని. జాగ్రత్తగా గమనించండి. “దేవుడు ఇందుకే ఇలా చేశాడు” అన్నప్పుడు, ఆయన మనకు చెప్పని మాట ఆయన పేరున చెప్తున్నాం. పైగా వాళ్ళు దేవుని గురించి అంత మాట్లాడారు గానీ, యోబు కోసం ప్రార్థన చేసినట్టు ఎక్కడా కనబడదు. చివరికి యోబే వాళ్ళ కోసం ప్రార్థించాడు!

అయితే మనం ఏం చేయాలి? 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా చావును కోరుకున్నాడు. దేవదూత వచ్చి అతనికి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి, పడుకోనిచ్చి, మళ్ళీ లేపి తినమన్నాడు. కాబట్టి ఒక పూట అన్నం వండి తీసుకెళ్ళండి. పిల్లల్ని స్కూల్లో దింపండి. ఆసుపత్రిలో ఒక రాత్రి తోడుగా ఉండండి. మీ స్నేహితుడు చనిపోవాలని ఉందంటే, ప్రార్థించడంతోపాటు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఒంటరిగా వదలకండి. 14416 నంబరుకు ఫోన్ చేసినా సహాయం దొరుకుతుంది.

యోహాను 11వ అధ్యాయంలో యేసు ప్రభువు బేతనియకు వచ్చాడు. లాజరును లేపబోతున్నానని ఆయనకు తెలుసు. అయినా మరియ ఏడుస్తుంటే ఆయన కూడా కన్నీళ్ళు విడిచాడు. పునరుత్థాన నిరీక్షణ ఉన్నంతమాత్రాన కన్నీళ్ళు తప్పు అయిపోవు.

ఆదరణ కూడిక అయ్యేవరకు ఇల్లంతా మనుషులే. తర్వాత బంధువులు వెళ్ళిపోతారు, ఫోన్లు ఆగిపోతాయి. అసలైన ఒంటరితనం అప్పుడు మొదలవుతుంది. ఆరు నెలలైనా, సంవత్సరమైనా, చనిపోయినవారి పేరు పలికి “అన్న గుర్తొస్తున్నాడా వదినా?” అని అడిగేవాళ్ళు కావాలి.

అలాంటివాళ్ళు మీకు ఒకరైనా గుర్తొచ్చి ఉంటారు. ఈ వారమే వెళ్ళండి. కారణాలు చెప్పకండి, పక్కన కూర్చోండి. వాళ్ళు మాట్లాడితే వినండి. వాళ్ళకు ఇష్టమైతే చిన్న ప్రార్థన చేసి రండి. ఆదరణ కలుగజేసే దేవుడు మిమ్మల్ని వాడుకొనును గాక. ఆమేన్.