మీకు తెలుసా? ఆలుమగలు చూడాల్సిన అడిస్ అబాబా

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా పుట్టుకకు కారణం ఓ రాణి ముచ్చట. ఎంటోటో కొండ దిగువన వేడినీటి ఊటల దగ్గర ఇల్లు కావాలని 1886లో రాణి తైతు కోరింది. ఆమె భర్త, రాజు మెనెలిక్ కట్టించాడు. ఆ ఇంటి చుట్టూనే ఊరు పెరిగింది. కొండ మీద వాళ్ల పాత నివాసం ఇప్పటికీ ఉంది, తప్పక చూడండి.

ఇక్కడ భోజనం ఒకే పళ్లెంలో. పులిసిన టెఫ్ పిండితో దోసెలా పోసిన ఇంజెరాను తుంచి, కూరతో కలిపి ముద్ద చేసి ఎదుటివారి నోటికి అందించడం ‘గుర్షా’. కొత్త జంటలకు ఇంతకన్నా మంచి ఆచారం ఏముంటుంది!

తర్వాత కాఫీ. పచ్చి గింజలు మీ కళ్లముందే వేయించి, దంచి, ‘జెబెనా’ అనే మట్టి కూజాలో కాస్తారు. మూడు విడతలు పోస్తారు. మొదటి కప్పుకే లేచి రాకండి.